ఊళ్లో నలుగురికి నోటి, గొంతు క్యాన్సర్లు: లెక్క దేశానిది, భయం మన ఇంటిది

ప్రశ్న: మాది టంగుటూరుకు దగ్గరలో ఉన్న పల్లె. జనాభా మూడు వేలకు అటూ ఇటూ ఉంటుంది. నేను హైస్కూల్లో లెక్కల టీచరును. గత అయిదేళ్లలో మా ఊళ్లో ముగ్గురికి నోటి క్యాన్సర్, ఒకరికి గొంతు క్యాన్సర్ బయటపడ్డాయి. వారిలో ఇద్దరు చనిపోయారు. నోటి క్యాన్సర్లో మన దేశానిదే ప్రపంచంలో మొదటి స్థానమని అందరూ అంటున్నారు. ఏటా 77 వేల మందికి వస్తుందని ఒకచోట, 1.43 లక్షల మందికి వస్తుందని మరొకచోట చదివాను. పదేళ్లలో ఈ జబ్బు రెట్టింపయిందని అనుకోవాలా? మా ఊరి చుట్టూ పొగాకును వేడితో ఆరబెట్టే బ్యారన్లు ఉన్నాయి, వాటి వల్లనే ఇలా జరుగుతోందని కొందరంటున్నారు. మా అత్తగారికి 64 ఏళ్లు, పెళ్లయిన నాటి నుంచి ఆకువక్కలో పొగాకు కాడ వేసుకుంటారు. మా మరిదికి 34 ఏళ్లు, లారీ డ్రైవరు. చాలా ఏళ్లు గుట్కా తిని, ఏడాది క్రితం పొగాకు మానేసి ఇప్పుడు ఉత్త పాన్ మసాలా మాత్రమే నములుతున్నాడు. ఈ మధ్య కూరలో కారం తగిలితే నోరు మండిపోతోందని మజ్జిగన్నమే తింటున్నాడు. నాకు ఏ అలవాటూ లేదు. ఒక ప్రైవేటు ఆస్పత్రి వారు రక్తపరీక్షల ప్యాకేజీ చేయించుకుంటే క్యాన్సర్ ముందే తెలిసిపోతుందని చెబుతున్నారు. ఇంటిల్లిపాదికీ చేయించమంటారా?
– ఒక పాఠకురాలు, ప్రకాశం జిల్లా

సమాధానం: మీరు లెక్కల టీచరు కనుక మీరడిగిన అంకెలన్నిటికీ వివరంగానే జవాబు రాస్తాను. అయితే మీ ఉత్తరంలో అన్నిటికంటే తొందరగా పట్టించుకోవలసినది ఆ అంకెలు కావు. మీ మరిది కారం తినలేక మజ్జిగన్నంతో సరిపెట్టుకుంటున్నాడని మీరు మాటవరసకు రాసిన వాక్యం నన్ను ఎక్కువగా కలవరపెట్టింది. గుట్కా, పాన్ మసాలా అలవాటున్న 34 ఏళ్ల మనిషి, అందులోనూ పచ్చిమిరపకాయ కొరుక్కుని తినే మన ప్రాంతపు మనిషి, ఉన్నట్టుండి కారానికి దూరమయ్యాడంటే దాన్ని వేడి చేసిందని తోసిపుచ్చకూడదు. ఈ సమాధానంలోని మిగతా భాగం నిదానంగా చదవవచ్చు, ఆయన్ను మాత్రం ఈ వారంలోనే దంతవైద్యుడికి చూపించండి.

ఆస్పత్రికి వెళ్లేలోపు ఇంట్లో ఒక పరీక్ష చేసి చూడవచ్చు. ఆయన్ను వెలుతురులో కూర్చోబెట్టి, నోరు వీలైనంత వెడల్పుగా తెరిచి, చూపుడు వేలు, మధ్య వేలు, ఉంగరపు వేలు మూడింటినీ కలిపి పై పళ్లకూ కింది పళ్లకూ మధ్య నిలువుగా పెట్టుకోమనండి. ఆరోగ్యంగా ఉన్న పెద్దవారి నోట్లో వారి సొంత వేళ్లు మూడూ పడతాయి. రెండే పడుతున్నాయంటే నోరు మూసుకుపోవడం మొదలైనట్టే. బుగ్గలు గాలితో పూరించలేకపోవడం, ఈల వేయలేకపోవడం, నాలుకను మునుపటంత బయటికి చాపలేకపోవడం, పెద్ద ముద్ద పెట్టుకోలేక అన్నం చిన్నచిన్న ముద్దలుగా కలుపుకోవడం కూడా ఇదే జబ్బు లక్షణాలు. టార్చి వేసి చూస్తే బుగ్గ లోపలి పొర గులాబీ రంగు పోయి పాలిపోయి కనిపిస్తుంది, వేలితో తడిమితే లోపల తాళ్ల లాంటి నిలువు పట్టీలు తగులుతాయి. వైద్యులు దీన్ని ఓరల్ సబ్‌మ్యూకస్ ఫైబ్రోసిస్ అంటారు. ఇది క్యాన్సర్ కాదు గానీ క్యాన్సర్‌కు దారితీసే అవకాశం ఉన్న జబ్బు. ఏళ్ల తరబడి ఇలాంటి రోగులను గమనించిన అధ్యయనాల్లో నూటికి నాలుగు నుంచి ఎనిమిది మందికి తర్వాత నోటి క్యాన్సర్ వచ్చినట్టు తేలింది. ఒకసారి బిగుసుకుపోయిన బుగ్గ పూర్తిగా మునుపటి స్థితికి రాదు. అయినా అలవాటు మానేస్తే జబ్బు ముదిరే వేగం తగ్గుతుంది, నోరు తెరుచుకునే వ్యాయామాలు, మందులు, అవసరమైతే శస్త్రచికిత్స కొంత మేలు చేస్తాయి. క్యాన్సర్ మొలకెత్తితే దాన్ని చిన్నగా ఉన్నప్పుడే పట్టుకోవాలంటే కొన్ని నెలలకొకసారి చూపించుకుంటూ ఉండాలి.

పొగాకు మానేశాడు కదా, ఇంకెక్కడిది ఈ జబ్బు అని మీరు అడగవచ్చు. ఈ జబ్బుకు అసలు కారణం పొగాకు కాదు, వక్క. మన పెళ్లిళ్లలో, వ్రతాల్లో, పేరంటాల్లో చేతికిచ్చే వక్క మీద ఎవరికీ అనుమానం రాదు కనుక చాలామంది పొగాకు మానేసి ఉత్త వక్కపొడితో, పాన్ మసాలాతో గండం గడిచిందనుకుంటారు. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ పొగాకు కలిసిన తాంబూలాన్ని 1985లోనే క్యాన్సర్ కారకంగా ప్రకటించింది. పొగాకు లేని తాంబూలాన్నీ, వక్కను విడిగానూ అదే జాబితాలో మొదటి వర్గంలోకి 2004లో చేర్చింది. మొదటి వర్గమంటే మనుషుల్లో క్యాన్సర్ కలిగిస్తుందని తగినంత రుజువు ఉన్న పదార్థాలన్న మాట. శుభకార్యంలో ఎప్పుడో ఒకసారి వేసుకునే తాంబూలం గురించి నేను మాట్లాడటం లేదు. స్టీరింగు వెనక కూర్చుని రాత్రంతా నిద్ర రాకుండా ఉండటానికి ఒక ప్యాకెట్ తర్వాత ఒక ప్యాకెట్ చింపి బుగ్గన పెట్టుకునే అలవాటు గురించి మాట్లాడుతున్నాను. మన రాష్ట్రంలో గుట్కాను 2013లో నిషేధించిన తర్వాత బడ్డీకొట్ల వారు పాన్ మసాలా ఒక ప్యాకెట్‌గా, పొగాకు మరో ప్యాకెట్‌గా పక్కపక్కనే వేలాడదీసి అమ్మడం మొదలుపెట్టారు. పొగాకు ప్యాకెట్ మీద 2016 నుంచి 85 శాతం మేర భయపెట్టే బొమ్మ ఉండాలి. పాన్ మసాలా ప్యాకెట్ మీద ఆ బొమ్మ ఉండదు. మీ మరిది బొమ్మ లేని ప్యాకెట్‌ను ఎంచుకున్నాడు, అందులో అతన్ని తప్పుపట్టడానికి ఏమీ లేదు. రెండింటినీ ఒకే దండెం మీద వేలాడదీయనిచ్చిన పద్ధతిదే తప్పని నా అభిప్రాయం.

ఇక అంకెల సంగతికి వద్దాం. 77 వేలు, 1.43 లక్షలు అన్న రెండు సంఖ్యలూ అబద్ధాలు కావు. ఆ రెండూ పైన చెప్పిన అంతర్జాతీయ సంస్థ వేసిన అంచనాలే. మొదటిది 2012 సంవత్సరానికి, రెండోది 2022 సంవత్సరానికి. 2022లో పెదవి, నోటి క్యాన్సర్లు మన దేశంలో కొత్తగా 1,43,759 మందికి వచ్చి ఉంటాయని, ఆ ఏడాదిలో 79,979 మంది వాటితో చనిపోయి ఉంటారని అంచనా. అంచనా అన్న మాటను ఇక్కడ పట్టించుకోవాలి. ఎందుకంటే మన దేశంలో ప్రతి క్యాన్సర్ రోగినీ లెక్కపెట్టే ఏర్పాటు లేదు. భారత వైద్య పరిశోధన మండలి ఆధ్వర్యంలో బెంగళూరు, ముంబయి, చెన్నై నగరాలతో మొదలై 1982 నుంచి జనాభా ఆధారిత క్యాన్సర్ నమోదు జరుగుతోంది. ఇప్పటికీ అది దేశ జనాభాలో కొంత భాగాన్నే చూస్తోంది. అక్కడ తేలిన రేట్లను వయసుల వారీగా మిగతా దేశానికి వర్తింపజేసి మొత్తం సంఖ్యను లెక్కగడతారు. ఈ నమోదులో నివాసమే ప్రధానం. నెల్లూరు నుంచి రోగి రైలెక్కి చెన్నైలోని అడయారు క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్‌లో చేరితే, చికిత్స అక్కడ జరిగినా చెన్నై రేటులో ఆయన్ను కలపరు. లేకపోతే పెద్ద ఆస్పత్రులున్న ప్రతి నగరమూ క్యాన్సర్ నగరంగా కనిపించేది.

కనుక 2012 అంచనాను 2022 అంచనా పక్కన పెట్టి తీసివేత చేయకూడదు. మధ్యలో నమోదు కేంద్రాలు పెరిగాయి, లెక్కగట్టే పద్ధతి మారింది, జనాభా పెరిగింది, జనాభాలో యాభై దాటిన వారి వాటా కూడా పెరిగింది. వేర్వేరు సంచికల అంచనాలను పోల్చి జబ్బు పెరుగుదలను కొలవవద్దని ఆ సంస్థే చెబుతుంది. అలాగని జబ్బు పెరగలేదనీ కాదు. ఒకే ఊరిలో ఒకే పద్ధతిలో ఏళ్ల తరబడి సాగిన నమోదును చూస్తే, దేశంలోని పలు కేంద్రాల్లో మగవారి నోటి క్యాన్సర్ రేటు నిజంగానే పెరుగుతూ వచ్చింది. రెట్టింపయిందన్న మాట మాత్రం నిలబడదు.

మొదటి స్థానం గురించి చెప్పాలంటే, మొత్తం సంఖ్యలో మనది మొదటి స్థానమే. 2022లో ప్రపంచమంతటా ఈ క్యాన్సర్లు సుమారు 3.89 లక్షల మందికి వచ్చాయని అంచనా, అందులో మూడో వంతుకు పైగా మన దేశం నుంచే. మన జనాభా ప్రపంచంలో ఆరో వంతు కంటే కాస్త ఎక్కువ కాబట్టి, మన వాటాకు రావలసిన దానికి రెండింతలు వస్తోందని మీ విద్యార్థులు కూడా లెక్కగట్టగలరు. రేటులో మాత్రం మనకంటే పైన ఉన్న దేశాలున్నాయి. సున్నంతో వక్క నమలడం ఇంటింటి అలవాటైన పాపువా న్యూ గినీ ఆ వరుసలో అందరికంటే ముందుంది. 142 కోట్ల జనాభాకు 1,43,759 మంది అంటే ఏటా లక్షకు పదిమంది. వయసుల తేడాను సరిదిద్ది చూసినా మన రేటు ఇంచుమించు అంతే ఉంటుంది, ప్రపంచ సగటు నాలుగు. వయసును ఎందుకు సరిదిద్దుతారో మీ ఊరిని చూస్తేనే అర్థమవుతుంది. చదువుకున్న పిల్లలు హైదరాబాదుకో బెంగళూరుకో వెళ్లిపోతే ఊళ్లో మిగిలేది పెద్దవారే. నోటి క్యాన్సర్ ఎక్కువగా నలభై అయిదు దాటాక వచ్చే జబ్బు కాబట్టి, అలవాట్లు ఒకటే అయినా అలాంటి ఊరిలో లక్షకు ఇంతమంది అన్న లెక్క ఎక్కువగానే తేలుతుంది.

ఈ సగటు ఎవరి నోటికీ సొంతం కాదన్నది అసలు విషయం. ఆ 1,43,759 మందిలో 1,07,812 మంది మగవారు, 35,947 మంది ఆడవారు. అంటే నలుగురిలో ముగ్గురు మగవారు. ఆడా మగా తేడాకు కారణం ముఖ్యంగా అలవాటే. 2016–17లో జరిగిన జాతీయ పొగాకు సర్వే ప్రకారం దేశంలో పదిహేనేళ్లు దాటిన వారిలో 28.6 శాతం మంది ఏదో ఒక రూపంలో పొగాకు వాడుతున్నారు. మగవారిలో అది 42.4 శాతం, ఆడవారిలో 14.2 శాతం. పొగ తాగేవారి కంటే నమిలేవారు, బుగ్గన పెట్టుకునేవారు రెట్టింపు ఉండటం మన దేశపు ప్రత్యేకత. అందుకే మన దగ్గర నోటి క్యాన్సర్ ఎక్కువగా కింది దవడకూ బుగ్గకూ మధ్య ఉండే సందులో, అంటే సరిగ్గా ఖైనీ, గుట్కా, తాంబూలపు ముద్ద అణిచిపెట్టుకునే చోట పుడుతుంది. అలవాటు మారితే చోటూ మారుతుంది. శ్రీకాకుళం, విశాఖ ప్రాంతాల్లో చుట్టను నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని తాగే అడ్డపొగ అలవాటు ముఖ్యంగా వయసు మళ్లిన స్త్రీలలో ఉండేది. మరెక్కడా అంతగా కనిపించని అంగిలి క్యాన్సర్ అక్కడి స్త్రీలలో కనిపించడానికి అదే కారణం. దేశంలోని నమోదు కేంద్రాల్లో మగవారి నోటి క్యాన్సర్ రేటు అత్యధికంగా ఉన్న వాటిలో గుట్కా, మావా (వక్క, పొగాకు, సున్నం కలిపి నలిపేది) వాడకానికి పేరుపడ్డ అహ్మదాబాద్ ఒకటి. ఈ తేడాలన్నిటినీ కలిపి భాగిస్తే వచ్చే అంకె లక్షకు పది. మీకు ఏ అలవాటూ లేదు కనుక మీ ప్రమాదం ఆ పది కంటే చాలా కింద, మీ మరిదిది చాలా పైన ఉంటుంది. ఇద్దరూ ఒకే ఇంట్లో, ఒకే వంట తింటూ ఉండవచ్చు గాక.

గొంతు క్యాన్సర్ అన్నప్పుడు మనవాళ్లు రెండు మూడు వేర్వేరు జబ్బులను ఒకే పేరుతో పిలుస్తారు. నాలుక మొదలు, టాన్సిల్ దగ్గర వచ్చేది ఒకటి, అన్నం దిగే దారి మొదట్లో వచ్చేది ఒకటి, స్వరపేటికలో వచ్చేది మరొకటి. స్వరపేటిక క్యాన్సర్లే దేశంలో ఏటా ముప్పై వేలకు పైగా ఉంటాయి. నోటికి నమిలే పొగాకు, వక్క ప్రధాన శత్రువులైతే, గొంతుకు బీడీ, సిగరెట్, చుట్ట, మద్యం ప్రధాన శత్రువులు. పొగాకూ మద్యమూ రెండూ ఉన్నవారికి ప్రమాదం కూడిక లెక్కన కాక గుణకారం లెక్కన పెరుగుతుంది. అమెరికా వంటి దేశాల్లో టాన్సిల్ ప్రాంతపు క్యాన్సర్లకు పాపిలోమా వైరస్ ముఖ్య కారణంగా మారింది గానీ మన దగ్గర ఇప్పటికీ సింహభాగం పొగాకుదే.

ఇప్పుడు మీ ఊరి లెక్క చేద్దాం. మూడు వేల జనాభాను అయిదేళ్లతో గుణిస్తే పదిహేను వేలు. లక్షకు పది చొప్పున పదిహేను వేలకు ఒకటిన్నర. అంటే ఏ విశేషమూ లేని ఊరిలోనైనా అయిదేళ్లలో ఒకరికో ఇద్దరికో నోటి క్యాన్సర్ రావడం సహజం. గొంతు క్యాన్సర్లను కూడా కలిపితే ఆ అంకె రెండు దాటుతుంది. మీ ఊళ్లో వచ్చినవి నాలుగు. రెండుకూ నాలుగుకూ ఉన్న తేడా బడిలో పెద్దదే. ఇంత చిన్న సంఖ్యల్లో మాత్రం అది కేవలం యాదృచ్ఛికంగా కూడా వస్తుంది. మన రాష్ట్రంలో వేల పల్లెలున్నాయి. నాణేలు విసిరినట్టు అన్నిటికీ ఒకే రేటు వర్తింపజేసినా, కొన్నింటికి సున్నా పడుతుంది, కొన్నింటికి నాలుగు, అయిదు పడతాయి. సున్నా పడిన ఊరి నుంచి ఎవరూ ఉత్తరం రాయరు, నాలుగు పడిన ఊరివారే రాస్తారు. పైగా ఊళ్లో పెద్దవారి సంఖ్య, నమిలే అలవాటు రెండూ సగటుకు మించి ఉంటే నాలుగు రావడానికి వేరే కారణం వెతకనక్కరలేదు. ఆ నలుగురికీ ఏ అలవాటు ఉండేదో కనుక్కోండి, చాలావరకు జవాబు అందులోనే దొరుకుతుంది. నలుగురూ ఏ అలవాటూ లేనివారే అయితే మాత్రం అది విచారించవలసిన సంగతి, అప్పుడు ప్రాథమిక ఆరోగ్య కేంద్రం వైద్యాధికారికి రాతపూర్వకంగా తెలియజేయండి.

బ్యారన్ల మీద నింద న్యాయమైనది కాదు. ఒంగోలు, టంగుటూరు, కొండపి, కందుకూరు, పొదిలి, కనిగిరి వేలం కేంద్రాలకు చేరే వర్జీనియా పొగాకు ప్రధానంగా సిగరెట్లకూ ఎగుమతులకూ పోతుంది. గుట్కాలో, ఖైనీలో కలిసేవి వేరే రకాలు, ఆకువక్కలో వేసుకునే కాడ నాటు పొగాకుది. పచ్చాకు కొట్టే కూలీలకు తడి ఆకు నుంచి నికోటిన్ చర్మం ద్వారా ఒంట్లోకి దిగి వాంతులు, తలతిప్పుడు రావడం నిజమే, అందుకు చేతులకు తొడుగులు, పొడి బట్టలు అవసరం. అయితే పొగాకును పండించినందుకో క్యూరింగ్ చేసినందుకో నోటి క్యాన్సర్ వస్తుందన్నదానికి ఆధారం లేదు. గ్రేడింగ్ చేస్తూ చేస్తూ ఒక ముక్క తుంచి బుగ్గన పెట్టుకునే అలవాటు ఉంటే అది వేరే సంగతి. పండించే జిల్లా కాబట్టి పొగాకు చేతికి అందుబాటులో ఉంటుంది, దాని మీద భయం కూడా తక్కువగా ఉంటుంది. మన ప్రాంతానికి పంట వల్ల కలిగిన నష్టం ఏదైనా ఉంటే అదేనని నేననుకుంటాను.

మీ అత్తగారి విషయం సున్నితమైనది. నలభై ఏళ్లకు పైబడిన అలవాటును కోడలు మానమంటే మానతారని నేను అనుకోవడం లేదు, ఆ మాట కొడుకు చెప్పినా ఫలితం అంతంతమాత్రమే. ముందు ఆమె నోరు చూడండి, మానిపించే ప్రయత్నం ఆ తర్వాత. కట్టుడు పళ్లుంటే తీయించి, నోరు పుక్కిలింపజేసి, సెల్‌ఫోన్ టార్చి వెలుగులో రెండు బుగ్గల లోపలి భాగం, ముద్ద పెట్టుకునే వైపు చిగురుకూ బుగ్గకూ మధ్య సందు, నాలుక రెండు అంచులు, నాలుక కింద, అంగిలి వరుసగా చూడండి. ఇన్నేళ్ల తాంబూలం తర్వాత లోపల ఎర్రగా, గోధుమ రంగుగా మరకలుండటం మామూలే. తుడిచినా పోని తెల్లని మచ్చ, మఖమల్ లాగా ఎర్రగా మెరిసే మచ్చ, రెండు వారాలు దాటినా మానని పుండు, గట్టిగా తగిలే గడ్డ, కారణం లేకుండా కదులుతున్న పన్ను, మెడలో నొప్పి లేని బిళ్ల కనిపిస్తే మాత్రం ఆగకూడదు. మూడు వారాలకు మించిన గొంతు బొంగురు, మింగేటప్పుడు ఒకే వైపు అడ్డుపడటం, ఒకే చెవిలో పోటు గొంతు వైపు చూపించే గుర్తులు. ఎర్ర మచ్చ తెల్ల మచ్చ కంటే ప్రమాదకరమైనది, అయినా నొప్పి ఉండదు కనుక చాలామంది దాన్ని వదిలేస్తారు. మొదటి దశలో క్యాన్సర్ నొప్పి పుట్టించదన్న ఒక్క సంగతి తెలియక మన దగ్గర ఎక్కువమంది మూడో దశలో, నాలుగో దశలో ఆస్పత్రికి వస్తున్నారు. మధ్యలో పోయిన నెలలన్నీ బి కాంప్లెక్స్ మాత్రలకూ, పుండు మీద పూసే గ్లిజరిన్‌కూ, ఊళ్లో ఆర్‌ఎంపీ ఇచ్చిన యాంటీబయాటిక్ కోర్సులకూ పోతాయి. పుండుకు ఒరుసుకునే పదునైన పన్ను ఉంటే దాన్ని అరగదీయించి రెండు వారాలు చూడటం సరైనదే. రెండు వారాలను రెండు నెలలు చేయడమే తప్పు.

మీరడిగిన రక్తపరీక్షల ప్యాకేజీ వద్దు. నోటి క్యాన్సర్‌ను ముందుగా పట్టించే రక్తపరీక్ష ఏదీ ఈనాటికి వాడుకలో లేదు. మంచి వెలుతురు, నోరు చూడటం తెలిసిన కన్ను ఉంటే చాలునని కేరళలో తిరువనంతపురం జిల్లాలో జరిగిన అధ్యయనం చూపించింది. 1996లో మొదలుపెట్టి, శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు ఇంటింటికీ వెళ్లి ముప్పై అయిదేళ్లు దాటిన వారి నోళ్లు కంటితో పరీక్షించారు. 2005లో ప్రచురితమైన ఫలితాల ప్రకారం పొగాకు, మద్యం అలవాటున్న వారిలో నోటి క్యాన్సర్ మరణాలు మూడో వంతు తగ్గాయి. అలవాటు లేనివారిలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. అందువల్ల మీ ఇంట్లో చూపించవలసింది ఇద్దరినే, మీకు ప్రత్యేకంగా ఏ పరీక్షా అక్కరలేదు. పంటి బాధకు వెళ్లినప్పుడు డాక్టరు నోరంతా ఒకసారి చూస్తే చాలు. 2016లో వచ్చిన కేంద్ర ప్రభుత్వ మార్గదర్శకాల ప్రకారం ముప్పై నుంచి అరవై అయిదేళ్ల వయసున్న అందరికీ అయిదేళ్లకొకసారి నోటి పరీక్ష ఉచితంగా జరగాలి, మీ ఊరి ఏఎన్ఎంను అడగండి. అలవాటున్న వారి విషయంలో అయిదేళ్లు ఎక్కువని నా అభిప్రాయం. మీ అత్తగారిని ఏడాదికొకసారైనా చూపించండి.

మానడానికి సాయం కావాలంటే 1800-11-2356 నంబరుకు ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులో మాట్లాడేవారు ఉంటారు. 2018 నుంచి ఈ నంబరును పొగాకు ప్యాకెట్ల మీదే ముద్రిస్తున్నారు. మీ మరిదికి డ్యూటీలో నిద్ర ఆపుకోవడమే అలవాటుకు మూలమైతే ఆ సంగతి కూడా వారితో చెప్పమనండి, లేకపోతే మొదటి రాత్రి ప్రయాణంలోనే మళ్లీ ప్యాకెట్ చింపుతాడు. నోరు సరిగా తెరుచుకోని వారికి నికోటిన్ చూయింగ్ గమ్ కంటే చర్మానికి అంటించే ప్యాచ్ అనుకూలంగా ఉంటుంది, అదీ డాక్టరు సలహా మీదే. మానిన మర్నాటి నుంచే ప్రమాదం సున్నా కాదు. అయిదు నుంచి పదేళ్లలో పొగ మానినవారికి నోటి, గొంతు క్యాన్సర్ ప్రమాదం సగానికి పడిపోతుంది. 34 ఏళ్ల మనిషికి అది చాలా విలువైన సగం.

చివరిగా, మీరు అడగకపోయినా మీ ఇంట్లో ఎవరో ఒకరు అడగబోయే ప్రశ్న ఒకటుంది. డాక్టరు అనుమానపడి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపుదామంటే, కత్తి తగిలితే క్యాన్సర్ ఒళ్లంతా పాకుతుందని పెద్దవారు అడ్డుపడతారు. ముక్క తీయడం వల్ల క్యాన్సర్ పాకదు. బయాప్సీ లేకుండా జబ్బు ఏమిటో తేల్చడం, చికిత్స మొదలుపెట్టడం సాధ్యం కాదు. పన్ను పీకించుకున్నాకే క్యాన్సర్ వచ్చిందని చెప్పుకునే కథల్లో కూడా జరిగింది తలకిందులుగా ఉంటుంది. క్యాన్సర్ వల్లనే పన్ను కదిలి ఉంటుంది, ఎందుకు కదిలిందో చూడకుండా పీకి ఉంటారు. చిన్నగా ఉన్నప్పుడు దొరికిన నోటి క్యాన్సర్‌కు తరచుగా ఒక్క ఆపరేషన్‌తో సరిపోతుంది, స్వరపేటికది తొలిదశలో దొరికితే రేడియేషన్‌తో గొంతు నిలబెట్టవచ్చు. ముదిరితే దవడ ఎముక తీయడం, తొడ నుంచో కాలి నుంచో కండ తెచ్చి అతకడం, ఆపైన రేడియేషన్ అవసరమవుతాయి. ఖర్చు గురించి బెంగపడి ఆలస్యం చేయవద్దు. తెల్ల రేషన్ కార్డు ఉన్న కుటుంబాలకు ఎన్టీఆర్ వైద్య సేవలో ఈ చికిత్సలు ఉన్నాయి. ఒంగోలు ప్రభుత్వ ఆస్పత్రిలో దంత విభాగానికో, చెవి ముక్కు గొంతు విభాగానికో ముందు చూపించి, అక్కడి ఆరోగ్యమిత్రతో మాట్లాడితే గుంటూరు జనరల్ ఆస్పత్రి క్యాన్సర్ విభాగానికి గానీ, పథకంలో ఉన్న మరో ఆస్పత్రికి గానీ ఎలా వెళ్లాలో చెబుతారు. వెళ్లేటప్పుడు ఆధార్, రేషన్ కార్డులతో పాటు ఇంతవరకు వాడిన మందుల చీటీలన్నీ తీసుకెళ్లండి. మీ మరిది ఏ ప్యాకెట్లు, రోజుకు ఎన్ని, ఎన్నేళ్లుగా తిన్నాడో ముందే ఒక కాగితం మీద రాయించండి. డాక్టరు ముందు కూర్చున్నాక అందరూ ఆ లెక్కను సగానికి తగ్గించి చెబుతారు.